కొత్త వాచీకి పాత బెల్టులు పడతాయా?

సంక్రాంతికి కువైట్ నుంచో డల్లాస్ నుంచో బావగారు దిగుతున్నారంటే కోనసీమ ఇళ్లకు నెల ముందే ఫోను వస్తుంది, ఏం తెమ్మంటారూ అని. ఈమధ్య ఆ కోరికల్లో స్మార్ట్‌వాచీ ఖాయమైపోయింది. వాచీ ఏదో తేలాక అసలు చర్చ మొదలవుతుంది. ఇంట్లో పాత వాచీకి కొన్న బెల్టులు నాలుగైదు ఉంటాయి. ఆఫీసుకి ఒకటి, పెళ్లిళ్లకి స్టీలు చైను, చెరువు మీదకి వెళ్లేటప్పుడు రబ్బరుది, ఇంకా పుట్టినరోజుకి ఎవరో ఇచ్చిన తోలు బెల్టు. అన్నీ కలిపితే ఒక్కోసారి వాచీ ధరలో మూడో వంతు తేలతాయి. సరిగ్గా అప్పుడే యూట్యూబ్‌లో ఎవరో చెబుతారు, ఈసారి డిజైన్ మొత్తం మార్చేస్తున్నారట, పాత బెల్టులేవీ పనికిరావట అని. భీమవరంలో షాపు దగ్గర అడిగితే "ఆయ్, పట్టేస్తాదండి, ఏం టెన్షన్ లేదు" అంటారు. ఒకరు భయపెట్టారు, ఒకరు ధైర్యం చెప్పారు, ఇద్దరూ చెప్పింది అంచనాయే.

అంచనా అక్కర్లేకుండా చూసుకునే దారి ఉంది. డయల్ ఎంత పెరిగింది, గుండ్రంగా ఉందా పలకగా ఉందా, తెర ఎంత పెద్దది, ఇవన్నీ పక్కన పెట్టి బెల్టు వాచీని కలిసే చోటు ఒక్కటీ చూడాలి. బెల్టుకి వాచీతో ఉన్న సంబంధం ఆ రెండు అంచుల దగ్గరే.

ఆ అతుకు రెండు రకాలు. మొదటిది మన తాతల చేతి వాచీల నుంచి వస్తున్నదే. డయల్‌కి పైనా కిందా చెవుల్లా పొడుచుకొచ్చి ఉంటాయి, వాటిని లగ్గులంటారు. ఆ రెండు చెవుల మధ్య స్ప్రింగ్ ఉన్న సన్నని పిన్ను కూర్చుంటుంది, ఆ పిన్ను బెల్టు చివరి గొట్టంలోంచి పోతుంది. ఈ రకానికి కొలత ఒక్కటే, చెవుల మధ్య దూరం. 18, 20, 22, 24 మిల్లీమీటర్లు, మార్కెట్లో ఎక్కువగా కనిపించేవి ఇవే. ఏ కంపెనీ బెల్టైనా, తాడేపల్లిగూడెంలో కొన్నా తణుకులో కొన్నా, 22 చెవులకి 22 బెల్టు పడుతుంది. రెండో రకం కంపెనీ తనకోసం తాను చేసుకున్న గాడి. యాపిల్ వాచీకి బెల్టు పక్క నుంచి జారి లోపలికి వెళ్లి టిక్కుమని పడుతుంది, తీయాలంటే వెనక ఉన్న చిన్న మీట నొక్కి పక్కకి లాగాలి. గూగుల్ పిక్సెల్ వాచీకి కెమెరా లెన్సు బిగించినట్టు గాడి అంచులో ఆనించి, నొక్కి, పక్కకి జరపాలి. ఇలాంటి వాటికి మిల్లీమీటర్ల లెక్క చాలదు, ఆ గాడి ఆకారం కూడా అచ్చంగా కలవాలి.

గోదావరి కాలవల మీద పడవలు నడిచిన రోజులు గుర్తున్నవాళ్లకి ఇది తేలిగ్గా అర్థమవుతుంది. ధవళేశ్వరం దిగువన కాలవలకి కట్టిన లాకుల్లోంచి, అంటే పడవల్ని ఎక్కించి దించే తలుపుల గదుల్లోంచి, వెళ్లాలంటే పడవ గూడు ఎంత అందంగా ఉంది, తెరచాప రంగేమిటి అని ఎవరూ అడగరు. లాకు వెడల్పులో పడుతుందా లేదా, అంతే. పడవలు ఎన్ని రకాలుగా మారినా లాకు మారనంత కాలం వాటి రాకపోకలకి ఇబ్బంది లేదు. లాకు కొలత ఒక్కటి మార్చారంటే, దాన్ని నమ్ముకున్న పడవలన్నీ ఒడ్డెక్కాల్సిందే.

ఇక్కడ జనం ఎక్కువగా పొరబడేది అంకె దగ్గర. వాచీ డబ్బా మీద 44 అని, 46 అని ఉంటుంది. అది డయల్ కొలత. బెల్టు మీద ఉండే 20, 22 చెవుల మధ్య దూరం. రెండూ మిల్లీమీటర్లే కావడంతో కలిపేస్తారు. పాలకొల్లులాంటి ఊళ్లో బస్టాండు దగ్గర వాచీ రిపేరు బల్ల ముందు కాసేపు నిలబడితే ఇది రోజూ కనిపించే సంగతే. వచ్చినాయన "నాది 46 వాచీ అండి, 46 బెల్టు ఇవ్వండి" అంటాడు. బల్ల వెనకున్న పెద్దాయన ఆ 46ని పట్టించుకోడు. వాచీని బోర్లా తిప్పి, కంటికి భూతద్దం తగిలించుకుని, స్టీలు స్కేలు రెండు చెవుల లోపలి అంచుల మధ్య ఆనిస్తాడు. "22 అండి" అంటాడు. పాత బెల్టు వెనక ఉన్న చిన్న మీటని గోటితో పక్కకి నెడితే పిన్ను లోపలికి ముడుచుకుంటుంది, బెల్టు చేతిలోకి వచ్చేస్తుంది. కొత్తదాని పిన్ను ఒక చివర ముందు ఒక చెవి రంధ్రంలో పెట్టి, మీట లాగి పట్టుకుని, రెండో చివర ఎదుటి చెవి దగ్గరకి తెచ్చి వదిలేస్తే చిన్న చప్పుడుతో కూర్చుంటుంది. అంతా కలిపి అర నిమిషం. ఆ తర్వాత ఆయన చేసే పని చాలామంది ఇంట్లో చేయరు, బెల్టుని రెండు వైపులా గట్టిగా ఒకసారి గుంజి చూస్తాడు. పిన్ను రంధ్రంలో పూర్తిగా దిగకపోతే ఆ గుంజుడుకే ఊడొస్తుంది. పంటు మీద వశిష్ఠ గోదావరి దాటేటప్పుడు నది మధ్యలో ఊడడం కంటే బల్ల మీద ఊడడం ఎంతో మేలు.

డయల్ సైజు ఒకటే అయినా చెవుల దూరం వేరుగా ఉండొచ్చు, డయల్ వేరైనా చెవులు ఒకటే కావచ్చు. శాంసంగ్ 2018లో తెచ్చిన 46 మి.మీ. గెలాక్సీ వాచీకి 22 బెల్టు పడుతుంది. అదే కంపెనీ 2021లో తెచ్చిన గెలాక్సీ వాచ్ 4 క్లాసిక్‌లోనూ 46 ఉంది, దానికి పట్టేది 20. డబ్బా మీద అంకె చూసి కొన్నవాడు ఇక్కడ నష్టపోతాడు.

అందరూ ఎక్కువగా అడిగేది యాపిల్ గురించే. 2015లో మొదటి వాచీ వచ్చినప్పుడు 38, 42 అని రెండు సైజులు. 2018లో సిరీస్ 4తో అవి 40, 44 అయ్యాయి. 2021లో సిరీస్ 7తో 41, 45. 2022లో 49 మిల్లీమీటర్ల అల్ట్రా వచ్చింది. 2024లో సిరీస్ 10తో 42, 46, ఆ మరుసటి ఏడు సిరీస్ 11కీ అవే. ఇన్నిసార్లు డయల్ మారింది, తెర అంచుల దాకా పాకింది, మందం తగ్గింది, కానీ గాడులు మాత్రం మొదటినుంచీ రెండే. ఒకటి చిన్నది, ఒకటి పెద్దది. 38, 40, 41 చిన్న గాడి కుటుంబం, సిరీస్ 10, 11లలో వచ్చిన 42 కూడా ఇందులోదే. 2015 నుంచి సిరీస్ 3 దాకా వచ్చిన పాత 42, ఆ తర్వాత 44, 45, 46, 49 పెద్ద గాడి కుటుంబం. పదేళ్ల కిందట కొన్న 42 బెల్టు ఇప్పటి అల్ట్రాకి పడుతుందంటే చాలామంది నమ్మరు, కానీ పడుతుంది. ఈ ఒక్క విషయంలో ఆ కంపెనీని మెచ్చుకోవాలి.

ఇందులో ఒకే ఒక్క గొయ్యి ఉంది, అది ఆ 42. పాత 42 పెద్దది, కొత్త 42 చిన్నది. అన్నయ్య దగ్గర సిరీస్ 3లో 42 ఉంది, బెల్టులు అయిదున్నాయి, ఇప్పుడు సిరీస్ 11లో 42 తీసుకుంటే అవే వాడుకోవచ్చు కదా అనుకోవడం చాలా సహజం. కానీ ఆ అయిదింట్లో ఒక్కటీ దూరదు, గాడి కంటే బెల్టు వెడల్పు. అన్నయ్య బెల్టులు కాపాడుకోవాలంటే 46 తీసుకోవాలి. ఆన్‌లైన్‌లో బెల్టు కొనేటప్పుడు కూడా 42 ఒక్కటే చూడకూడదు, దాని పక్కన ఏ అంకెలున్నాయో చూడాలి. 38, 40, 41 పక్కన ఉన్న 42 కొత్త చిన్నది. 44, 45, 49 పక్కన ఉన్న 42 పాత పెద్దది. పక్కన ఏమీ రాయకుండా ఉత్త 42 అని ఉన్న బెల్టు జోలికి వెళ్లకపోవడమే మంచిది. చిన్న బెల్టు పెద్ద గాడిలోకి దూరుతుంది కదా అని వాడేవాళ్లూ ఉన్నారు. అటూ ఇటూ ఖాళీ మిగిలి ఆడుతుంది, అంత ఖరీదైన వాచీని ఆ ఆడేదాని మీద వేలాడదీయడం తప్పు.

పుకార్ల సంగతికొస్తే, 2021లో సిరీస్ 7 రాకముందు వాచీ పక్కలు ఐఫోన్ 12లా పలకగా మారిపోతున్నాయని బొమ్మలతో సహా ప్రచారమైంది. బెల్టులు పడవేమోనని చాలామంది కంగారుపడ్డారు. తీరా వచ్చింది గుండ్రటి అంచుల వాచీయే, పాత బెల్టులు పట్టాయి. 2023లో మళ్లీ ఇంకో కబురు: బెల్టు గాడి లోపల చాలా చోటు తినేస్తోంది, దాన్ని తీసేసి అయస్కాంతంతో అతికే పద్ధతి తెస్తారు, అప్పుడు బ్యాటరీకి చోటు దొరుకుతుంది అని. ఆ కబురులో తర్కం లేకపోలేదు. వాచీ లాంటి చిన్న వస్తువులో రెండు వైపులా గాడి తవ్వితే, తాళం పెడితే, అది నిజంగానే బ్యాటరీ చోటే. అయినా 2024లో వచ్చిన సిరీస్ 10 మందం 10.7 మిల్లీమీటర్ల నుంచి 9.7కి తగ్గింది, గాడి మాత్రం అలాగే ఉంది. అంటే వాచీని పలచన చేయాలంటే గాడి తీసేయక తప్పదన్న మాట అంతవరకూ నిలవలేదు.

అలా అని ఎప్పటికీ మారదని రాసిచ్చేవాళ్లెవరూ లేరు. మారితే ఏమవుతుందో శాంసంగ్ చూపించింది. 2021 నుంచి 2024లో వచ్చిన గెలాక్సీ వాచ్ 7 దాకా వాళ్ల మామూలు వాచీలకి 20 మి.మీ. బెల్టు పట్టేది, రాజమండ్రి మెయిన్ రోడ్డులో మూడు నాలుగు వందలకి దొరికేది కూడా సరిపోయేది. 2024లోనే గెలాక్సీ వాచ్ అల్ట్రాకి మూలలు గుండ్రంగా ఉండే పలకలాంటి డిజైను, దానితోపాటు సొంత గాడి పెట్టారు. మరుసటి ఏడు వాచ్ 8 మొత్తానికి అదే పద్ధతి తెచ్చారు. పాత 20 బెల్టులు నేరుగా పట్టడం ఆగిపోయింది. వాచ్ 4, వాచ్ 6 వాడుతూ ఒక సంచీ నిండా బెల్టులు పోగేసుకున్నవాళ్లకి ఇది బాధే, ఆ బాధలో న్యాయం ఉంది. వాచీ పాతబడడం ఒప్పుకోవచ్చు, నిన్న కొన్న బెల్టు ఏ లోపమూ లేకుండా పనికిరాకుండా పోవడం ఒప్పుకోవడం కష్టం.

మిగతావాటిలో ఫిట్‌బిట్ వెర్సా మొదటిదానికీ రెండోదానికీ ఒకే బెల్టు, 2020లో వెర్సా 3 నుంచి వేరేది. షావోమీ ఎంఐ బ్యాండ్ 3, 4 ఒక జత, 5, 6 ఒక జత, 2023లో వచ్చిన బ్యాండ్ 8కి అతుకే కొత్తది. పిక్సెల్ వాచీ మొదటి రెండింటి బెల్టులు 2024లో వచ్చిన వాచ్ 3లో 41కి పడతాయి, 45కి పడవు. గార్మిన్‌లో క్విక్‌ఫిట్ అనే బెల్టులు 20, 22, 26 సైజుల్లో ఉంటాయి, సైజు కలిస్తే మోడలు మారినా ఇబ్బంది లేదు. వన్‌ప్లస్ వాచ్ 2 అయితే మామూలు 22. చెవులూ పిన్నూ ఉన్న వాచీలు తీసుకున్నవాడికి ఈ తలనొప్పి అన్నిటికంటే తక్కువ, ఎందుకంటే ఆ కొలత ఏ ఒక్క కంపెనీ సొత్తూ కాదు. బెల్టులు మార్చి మార్చి వేసుకునే సరదా ఉన్నవాళ్లు వాచీ కొనే ముందే ఈ మాట ఆలోచించాలి.

కొత్త మోడలు గురించి కబురు వినగానే ఏ భాగం మారుతోందంటున్నారో గమనిస్తే సగం జవాబు దొరుకుతుంది. తెర పెద్దదవుతోంది, వెనక సెన్సర్ మారుతోంది, లోపల చిప్పు మారుతోంది అంటే బెల్టుకి సంబంధం లేదు. మూలలు గుండ్రం తగ్గుతున్నాయి అన్నా గాడి మారాలని లేదు, మహా అయితే బెల్టు చివరి వంపు డయల్ అంచుతో అచ్చంగా కలవక వెంట్రుకంత సందు కనిపిస్తుంది. పక్కల ఆకారమే మారుతోంది, చెవులు తీసేస్తున్నారు, చెవుల్ని డయల్ కిందకి దాచేస్తున్నారు అంటే మాత్రం జాగ్రత్త పడాలి. శాంసంగ్ విషయంలో జరిగింది ఇదే, బయటి రూపం మొత్తం మారినప్పుడు అతుకూ మారింది. ఇంకో గుర్తు కూడా ఉంది. కంపెనీ కొత్త వాచీ ప్రకటించిన రోజు తన సొంత సైటులో బెల్టుల పేజీలో ఏ ఏ సైజులకి ఇది పడుతుందో రాస్తుంది. వంద వీడియోల కంటే ఆ ఒక్క వరస నమ్మదగినది.

పట్టడం వేరు, కుదరడం వేరు. పెద్ద గాడి బెల్టులన్నీ 49 అల్ట్రాకి పడతాయి, కానీ సన్నని స్టీలు అల్లిక బెల్టు ఆ బండ డయల్ పక్కన బక్కచిక్కి కనిపిస్తుంది. అది కంటికి సంబంధించిన విషయం, ఎవరిష్టం వాళ్లది. బకిల్ లేకుండా సాగే యాపిల్ సోలో లూప్ బెల్టు సంగతి వేరు. అది చేతి చుట్టుకొలతకి సరిగ్గా నంబరు చూసి కొనేది. డయల్ పెద్దదైతే చేతి చుట్టూ ఎక్కువ చోటు డయలే తీసుకుంటుంది, అదే లూప్ ఇప్పుడు కాస్త వదులవుతుంది, పైగా వాడినకొద్దీ అది సాగి ఉంటుంది. గాడిలో పట్టినా చేతికి పట్టకపోవచ్చు. వదులైతే వెనకున్న సెన్సర్ చర్మానికి ఆనక గుండె కొట్టుకునే లెక్క తప్పుతుంది.

గాడి మారిన వాచీలకి పాత బెల్టు తగిలించేందుకు అడాప్టర్లు అమ్ముతున్నారు. ఒకవైపు కొత్త గాడికి సరిపోతుంది, రెండో వైపు మామూలు పిన్ను బెల్టు పడుతుంది. ఇష్టమైన తోలు బెల్టు ఒకటి ఉండి దాన్ని వదల్లేకపోతే ఆఫీసుకి అది చాలు. కానీ ఒక అతుకు ఉండేచోట రెండు అతుకులు అవుతున్నాయి, ఊడే అవకాశమూ అక్కడే పెరుగుతుంది. పరుగుకి, ఈతకి, చెరువు పనికి అడాప్టరు వద్దనే చెప్పాలి.

చెరువు మాట వచ్చింది కాబట్టి డెల్టాకి ప్రత్యేకంగా చెప్పుకోవాల్సింది ఉంది. ఉండి, ఆకివీడు వైపు రొయ్యల చెరువు మీద ఉండే మనిషి రోజుకి నాలుగైదుసార్లు చెక్ ట్రే పైకి లాగుతాడు, మేత ఎంత మిగిలిందో చూడ్డానికి. మణికట్టు దాకా ఉప్పు నీళ్లలో మునుగుతుంది. ఆ నీళ్లు గాడిలోకి పోతాయి, ఆరాక ఉప్పు పేరుకుంటుంది, దానికి సన్నని బురద తోడవుతుంది. కొన్ని నెలలకి వెనక మీట నొక్కితే దిగదు, దిగితే పైకి రాదు. ఈ స్థితిలో ఉన్న పాత బెల్టుని విప్పి, అంచు నిండా ఎండిన బురదతోనే కొత్త వాచీలోకి తోస్తే టిక్కుమని వినపడదు. అప్పుడు, చూశావా కొత్త మోడలుకి పడటం లేదు అని తేల్చేస్తారు. నిజానికి అడ్డం పడింది మోడలు కాదు, గాడిలో బురద. బెల్టు చివర మంచినీళ్లలో కడిగి, మెత్తని బ్రష్షుతో తోమి, పూర్తిగా ఆరాక పెట్టి చూస్తే చాలాసార్లు చక్కగా కూర్చుంటుంది. బలవంతంగా తోయకూడదు, నూనె వేయకూడదు. ఇక తోలు బెల్టుకి మన వానాకాలం పడదు, జులై నుంచి అక్టోబరు దాకా చెమటకీ చెమ్మకీ బూజు పట్టేస్తుంది. కొత్త వాచీకి తీసుకెళ్లాలా వద్దా అని ఆలోచించే ముందు ఆ బెల్టు ఇంకా బాగుందో లేదో వెనక్కి తిప్పి చూడాలి.

కొనే వేళ గురించి కూడా చెప్పాలి. కొత్త మోడలు రావడానికి నెలా రెండు నెలల ముందు ఖరీదైన బెల్టు కొనకూడదు, ముఖ్యంగా సొంత గాడి ఉన్న కంపెనీలది. తగ్గింపు ధర చూసి ముచ్చటపడి మూడు కొనేస్తే, ఆ తగ్గింపు ఎందుకిచ్చారో తర్వాత తెలుస్తుంది. చెవులూ పిన్నూ రకమైతే ఈ భయం అక్కర్లేదు, అక్కడ 22 అంటే ఎప్పుడూ 22యే. ఉన్న బెల్టుల్ని భయపడి అమ్మేయడం కూడా తొందరపాటే. బావగారికి లిస్టు పంపే ముందు పాత వాచీ వెనక సన్నటి అక్షరాల్లో చెక్కి ఉన్న సైజు, మోడలు ఫోటో తీసి పంపితే, అక్కడ షోరూంలో ఆ ఫోటో చూపించి కొత్త వాచీకి సరిపోయేది ఏదో అడగొచ్చు. ఆయనే పాత వాచీ పెట్టుకుని ఉంటే ఇంకా సులువు, ఆ బెల్టు విప్పి అక్కడున్న కొత్త వాచీకి ఒకసారి తొడిగి చూడొచ్చు.

పడకపోతే బెల్టులు ఎక్కడికి పోతాయంటే, ఈ ఇళ్లలో పాత వాచీ మూల పడేయడం ఎప్పుడూ లేదు. అది కాలేజీకి వెళ్లే తమ్ముడికో, పొద్దున్నే గట్టు మీద నడిచే మావయ్యకో వెళ్తుంది. బెల్టులూ దానితోపాటే వెళ్లాలి, రబ్బరుది, స్టీలుది అన్నీ ఒక కవరులో వేసి, కవరు మీద సైజు రాసి. 42 అయితే పక్కన పాతదని కూడా రాయాలి.